మలేరియా పరాన్నజీవి ఏ ఎంజైమ్ లేకుండా బతకలేదు?

అందరికీ నమస్కారం.

మలేరియా మందుల చరిత్ర తిరగేస్తే ఒకటే కథ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మంచి మందు దొరుకుతుంది, కొన్నేళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆ తర్వాత పరాన్నజీవి దానికి లొంగడం మానేస్తుంది. క్లోరోక్విన్‌కు 1950ల చివర్లో ఆగ్నేయాసియాలోనూ దక్షిణ అమెరికాలోనూ అదే జరిగింది. ఇప్పుడు మనం ఆధారపడుతున్న ఆర్టెమిసినిన్ మందులకు మొదట కంబోడియాలో, తర్వాత రువాండా, ఉగాండా, టాంజానియా, ఎరిత్రియాల్లో పాక్షిక నిరోధకత బయటపడింది. 2023లో ప్రపంచం మొత్తం మీద 26 కోట్లకు పైగా మలేరియా కేసులు, దాదాపు 5,97,000 మరణాలు ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అందులో అత్యధికం ఆఫ్రికాలోనే. అక్కడ చనిపోయినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ఐదేళ్లలోపు పిల్లలు. ఈ అంకె ఎన్నిసార్లు చెప్పినా నాకు అలవాటు కాలేదు.

కాబట్టి కొత్త మందులు కావాలి. మందు అంటే పరాన్నజీవిలో ఏదో ఒక పనిని ఆపాలి. ఏ పనిని? ఈరోజు నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న మీదే.

చాలామంది దీనికి వెంటనే ఒక జవాబు చెబుతారు. పరాన్నజీవిలో ఉండి మనిషిలో లేని ఎంజైమ్‌ను వెతికి పట్టుకోండి, దాన్ని ఆపండి, అయిపోయింది అని. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మాకూ అలాగే చెప్పేవారు. ఇందులో సగం నిజమే ఉంది. మిగతా సగం అర్థం చేసుకోవడానికి ఈ రంగానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ ఎంజైమ్ మనకు లేకపోతే మనకు హాని ఉండదు, సరే. కానీ అది లేకపోతే పరాన్నజీవి చస్తుందా? చస్తే ఎప్పుడు చస్తుంది, ఎక్కడ ఉన్నప్పుడు చస్తుంది?

ఆ జీవి ఎక్కడెక్కడ తిరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. దోమ కుట్టినప్పుడు స్పోరోజోయిట్లు అనే రూపంలో కొద్దిపాటి పరాన్నజీవులు ఒంట్లోకి వస్తాయి. అవి కాలేయానికి చేరి, ఒక్కో కణంలో ఒక్కొక్కటి చొప్పున దూరి, వారం రోజుల్లో వేల సంఖ్యలో పెరుగుతాయి. అప్పటికి మనిషికి జ్వరం లేదు, జబ్బు ఉందన్న సంగతే తెలియదు. తర్వాత అవి రక్తంలోకి వచ్చి ఎర్రకణాల్లోకి చొరబడతాయి. అన్నిటికంటే ప్రమాదకరమైన మలేరియా జాతి ఫాల్సిపారం అయితే 48 గంటలకు ఒకసారి కణాన్ని పగలగొట్టుకుని బయటికి వచ్చి కొత్త కణాల్లో దూరుతుంది. చలి, వణుకు, జ్వరం అన్నీ అప్పుడే. కొన్ని మాత్రం గామీటోసైట్లుగా, అంటే ఆడ, మగ రూపాలుగా మారి, మళ్లీ దోమ కడుపులోకి చేరితేనే ముందుకు సాగుతాయి. అంటే ఒకే జీవికి మూడు ప్రపంచాలు: కాలేయం, ఎర్రకణం, దోమ. ఒక్కో చోట దొరికే తిండి వేరు, అవసరాలు వేరు. రోగి మన దగ్గరికి వచ్చేది మాత్రం రెండో ప్రపంచంలో ఉన్నప్పుడే.

ఇక ఎంజైమ్‌ల సంగతికి వద్దాం.

మొదట అందరి కన్నూ పడింది గ్లూకోజు మీద. ఎర్రకణంలో ఉన్న పరాన్నజీవి మామూలు ఎర్రకణం కంటే పదుల రెట్లు ఎక్కువ గ్లూకోజు వాడుకుంటుంది. దాన్ని పూర్తిగా మండించదు. లాక్టిక్ ఆమ్లం దాకా తీసుకువెళ్లి వదిలేస్తుంది. తీవ్రమైన మలేరియాలో పిల్లల రక్తంలో చక్కెర పడిపోవడానికి, ఆమ్లం పెరగడానికి ఇది కూడా ఒక కారణం. కాబట్టి ఈ దారిలోని ఎంజైమ్‌లను ఆపితే శక్తి అందక పరాన్నజీవి చావాలి. బెంగళూరులో ఈ దారిలోని ట్రయోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ అనే ఎంజైమ్ మీద ఎంతో శ్రద్ధగా పరిశోధన జరిగింది. ఆ ఎంజైమ్‌లో రెండు భాగాలు కలిసే చోట 13వ స్థానంలో పరాన్నజీవికి సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, మనిషికి మిథియోనీన్ ఉంటుంది. చిన్న తేడాయే, కానీ అక్కడ పట్టు దొరకవచ్చని ఆశ. చివరి మెట్టులో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే లాక్టేట్ డీహైడ్రోజనేజ్‌లో తేడా ఇంకా స్పష్టం. పరాన్నజీవి ఎంజైమ్‌లో పని జరిగే చోటుకు పక్కనే ఐదు అమైనో ఆమ్లాలు అదనంగా ఉంటాయి.

అయినా ఈ దారిలో ఇప్పటిదాకా ఆస్పత్రిలో వాడే మందు రాలేదు. మన ఒంట్లోనూ అదే దారి నడుస్తోంది, అవే పనులు జరుగుతున్నాయి. పైగా ఈ ఎంజైమ్‌లు చాలావరకు అవసరానికి మించి ఉంటాయి. ఒకదాన్ని సగం ఆపినా మొత్తం ప్రవాహం సగానికి పడిపోదు. లాక్టేట్ డీహైడ్రోజనేజ్ మాత్రం మరో రకంగా పనికొచ్చింది. వేలి మీద సూదితో గుచ్చి ఒక చుక్క రక్తంతో చేసే ర్యాపిడ్ పరీక్షల్లో కొన్ని ఈ ఎంజైమ్‌నే పట్టుకుంటాయి. బతికున్న పరాన్నజీవే దాన్ని తయారు చేస్తుంది కాబట్టి మందు పనిచేస్తే ఆ గీత త్వరగా మాయమవుతుంది.

నిజంగా నిరూపణ అయిన లక్ష్యం ఏది అని అడిగితే ఫోలేట్ దారి. ఫోలేట్ ఒక బీ విటమిన్, మనం దాన్ని తిండి నుంచి తీసుకుంటాం. పరాన్నజీవి సొంతంగా తయారు చేసుకోగలదు, దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ దారి చివర్లో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఉంది. మనకూ అది ఉంది. అంటే ఇది మనలో లేని ఎంజైమ్ కాదు! అయినా గొప్ప లక్ష్యం అయింది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ బృందం నుంచి వచ్చిన పైరిమెథమిన్ మన ఎంజైమ్ కంటే పరాన్నజీవి ఎంజైమ్‌ను ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. దానికి తోడుగా అదే దారిలో ఇంకా పైన ఉన్న ఎంజైమ్‌ను సల్ఫాడాక్సిన్ ఆపుతుంది. రెండూ కలిస్తే ఒకదాని బలం ఇంకొకటి పెంచుతుంది.

పైరిమెథమిన్‌ను పరాన్నజీవి ఎలా తప్పించుకుందో కూడా మనకు అక్షరం అక్షరం తెలుసు. ఎంజైమ్‌లో 108వ స్థానంలో సెరీన్ పోయి ఆస్పరజీన్ వచ్చింది. తర్వాత 51, 59 స్థానాల్లో మార్పులు, కొన్ని ప్రాంతాల్లో 164లో కూడా. ఒక్కో మార్పు చేరేకొద్దీ మందు పట్టు సడలుతూ పోయింది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగానికి వస్తున్నాను. డీఎన్ఏ కట్టుకోవడానికి రెండు రకాల ముడిసరుకు కావాలి, ప్యూరిన్లు, పిరిమిడిన్లు. మన కణాలు ఈ రెంటినీ మొదటి నుంచి తయారు చేసుకోగలవు, పాతవాటిని తిరిగి వాడుకోనూ గలవు. పరాన్నజీవికి ఆ వెసులుబాటు లేదు. ప్యూరిన్లు సొంతంగా చేసుకోలేదు, మన దగ్గర నుంచి హైపోజాంథిన్ లాంటివి లాక్కోవాలి. పిరిమిడిన్లు బయటి నుంచి తీసుకుని వాడుకోలేదు, మొదటి నుంచి తానే కట్టుకోవాలి. రెండు చోట్లా దానికి ఒక్కటే దారి. ఎంజైమ్‌లో తేడా ఉందా అని కాకుండా, పక్కదారి ఉందా అని అడిగితే ఇలాంటి చోట్లు కనబడతాయి.

ప్యూరిన్ దారిలో ప్యూరిన్ న్యూక్లియోసైడ్ ఫాస్ఫొరిలేజ్ అనే ఎంజైమ్‌ను ఆపే ఒక మందును 2011లో ఫాల్సిపారం సోకిన ఏఓటస్ కోతులకు ఏడు రోజులు నోటి ద్వారా ఇచ్చారు. రక్తం శుభ్రపడింది, కానీ తర్వాత జబ్బు తిరగబెట్టింది.

పిరిమిడిన్ దారి కథ ఇంకా లోతైనది. అందులో నాలుగో మెట్టు డైహైడ్రోఓరొటేట్ డీహైడ్రోజనేజ్. ఇది పరాన్నజీవి మైటోకాండ్రియాలో ఉంటుంది. తన పని చేసేటప్పుడు వచ్చే ఎలక్ట్రాన్లను యుబిక్వినోన్ అనే అణువుకు అందిస్తుంది. సరుకు నింపుకున్న బండి వెళ్లి దించి ఖాళీగా తిరిగొస్తేనే మళ్లీ నింపడానికి వీలవుతుంది కదా, యుబిక్వినోన్ కూడా అంతే. ఆ దించే పని చేసేది సైటోక్రోమ్ బీసీ1 అనే ఎంజైమ్ సముదాయం. దాన్నే అటోవాక్వోన్ అనే మందు ఆపుతుంది.

అటోవాక్వోన్ మైటోకాండ్రియాను దెబ్బతీస్తుందని తెలుసు. మరి పరాన్నజీవి ఎందుకు చస్తోంది? శక్తి అందకనా? శక్తి గ్లూకోజు నుంచి వస్తోంది కదా. 2007లో హెథర్ పెయింటర్, అఖిల్ వైద్య అనే శాస్త్రవేత్తల బృందం ఎంతో అందమైన ప్రయోగం చేసింది. యీస్ట్‌లోనూ ఇదే పని చేసే ఎంజైమ్ ఉంది, కానీ దానికి యుబిక్వినోన్ అక్కర్లేదు. ఆ యీస్ట్ జన్యువును పరాన్నజీవిలో పెట్టారు. అప్పుడు అటోవాక్వోన్ ఎంత పోసినా అది హాయిగా పెరిగింది. అంటే ఎర్రకణంలో ఉన్నంతకాలం ఆ మైటోకాండ్రియా శ్వాస గొలుసు చేసే తప్పనిసరి పని ఒక్కటే. పిరిమిడిన్ ఎంజైమ్ కోసం యుబిక్వినోన్‌ను ఖాళీ చేసి ఇవ్వడం. అంత పెద్ద యంత్రాంగం ఒక్క ఎంజైమ్ కోసం నడుస్తోంది! ఈ ఫలితం మొదటిసారి చదివినప్పుడు నేను కాసేపు పేజీ తిప్పలేదు.

అప్పుడు సహజంగానే అందరి దృష్టి నేరుగా ఆ ఎంజైమ్ మీదికి మళ్లింది. మనిషిలో ఇదే ఎంజైమ్‌ను ఆపే మందులు అప్పటికే ఉన్నాయి. కీళ్లవాతానికి ఇచ్చే లెఫ్లునమైడ్ అలాంటిదే. కానీ దాని నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం పరాన్నజీవి ఎంజైమ్‌ను దాదాపు పట్టించుకోదు. రెండు ఎంజైమ్‌లూ చేసే పని ఒకటే అయినా మందు కూర్చునే చోటు అంత వేరుగా ఉందన్నమాట. దాన్నే తిరగేస్తే సరిపోతుంది. మార్గరెట్ ఫిలిప్స్, ప్రదీప్‌సిన్హ్ రాథోడ్ తదితరులు మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ అనే లాభాపేక్ష లేని సంస్థతో కలిసి డీఎస్ఎమ్265 అనే అణువును తయారు చేశారు. పెరూలోని ఇక్విటోస్‌లో రోగులకు ఒక్క డోసు ఇచ్చి చూశారు. ఫాల్సిపారం మీద బాగా పనిచేసింది. వైవాక్స్ అనే మరో మలేరియా జాతి మీద అంత బలంగా పనిచేయలేదు. ఇద్దరు రోగుల్లో జబ్బు తిరగబెట్టినప్పుడు చూస్తే ఆ ఎంజైమ్‌లోనే మ్యుటేషన్లు వచ్చి ఉన్నాయి. లక్ష్యం సరైనదే అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అదే సమయంలో ఒంటరిగా ఇస్తే ఏం జరుగుతుందో కూడా తెలిసిపోయింది.

అటోవాక్వోన్ నిరోధకత గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. దానికి లొంగని పరాన్నజీవుల్లో బీసీ1లో భాగమైన సైటోక్రోమ్ బీ జన్యువు మారుతుంది. ఆ మార్పుతో ఎర్రకణంలో బతకడానికి ఇబ్బంది లేదు. కానీ దోమలో మైటోకాండ్రియా పూర్తి స్థాయిలో పనిచేయాలి. 2016లో వచ్చిన ప్రయోగాల్లో ఇలాంటి పరాన్నజీవులు దోమ ద్వారా ముందుకు సాగలేకపోయాయి. ఒక ప్రపంచంలో ప్రాణం నిలబెట్టిన మార్పు ఇంకో ప్రపంచంలో అడ్డం తిరిగింది.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురైన కథ. దీన్ని కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ ఇది తెలిసి ఉండాలి.

పరాన్నజీవిలో ఎపికోప్లాస్ట్ అనే చిన్న భాగం ఉంది. ఎప్పుడో దాని పూర్వీకులు ఒక ఎర్ర శైవలాన్ని లోపలికి తీసుకోగా మిగిలిన అవశేషం అది. మొక్కల్లోని హరితరేణువుకు దూరపు చుట్టం. అందులో కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఎంజైమ్‌లు ఉన్నాయి, అవి మన పద్ధతిలో కాకుండా బ్యాక్టీరియా పద్ధతిలో పనిచేస్తాయి. 2001లో బెంగళూరు శాస్త్రవేత్తలు నమిత సురోలియా, అవధేశ సురోలియా ఒక ఫలితం ప్రకటించారు. సబ్బుల్లో, టూత్‌పేస్టుల్లో వాడే ట్రైక్లోసాన్ ఈ దారిలోని ఇనాయిల్ ఏసీపీ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను ఆపుతోంది, పరాన్నజీవిని చంపుతోంది, మలేరియా సోకిన ఎలుకలను కాపాడుతోంది. మనలో ఆ పద్ధతే లేదు. చవకైన, ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న రసాయనం. ఎంత ఉత్సాహం వచ్చిందో ఊహించండి. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు ఈ దారిలోకి దిగాయి.

2008, 2009ల్లో జన్యువులనే తీసేసి చూశారు. ఇనాయిల్ రిడక్టేజ్ జన్యువు లేని పరాన్నజీవి ఎర్రకణాల్లో మామూలుగానే పెరిగింది. ఎందుకంటే రక్తంలో కొవ్వు ఆమ్లాలు దొరుకుతాయి, అవి తెచ్చుకుంటే దానికి చాలు. ఎలుకలకు సోకే మలేరియా జాతుల్లో ఆ జన్యువులు తీసేస్తే మాత్రం కాలేయంలో చివరి దశలో, వేలకు వేలు కొత్త కణాలు కట్టాల్సి వచ్చినప్పుడు, అక్కడ ఆగిపోయాయి. మరి ట్రైక్లోసాన్ రక్త దశలో ఎలా చంపింది? అది ఇతర చోట్ల కూడా పట్టుకుంటుందని తర్వాత తెలిసింది. వాటిలో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ కూడా ఉందని 2018లో ఒక అధ్యయనం చూపింది.

ఆ 2001 పని వల్లే ఈ దారి మీద అంత లోతుగా చూడటం మొదలైంది. కాలేయంలోనే ఆగిపోయే పరాన్నజీవిని బలహీనపరిచిన టీకాగా వాడవచ్చా అన్న ఆలోచనకూ ఈ జన్యువులు పనికొచ్చాయి. కానీ జ్వరంతో ఆస్పత్రికి వచ్చిన బిడ్డకు ఇవ్వాల్సిన మందుకు ఇది లక్ష్యం కాదు. ఎంజైమ్ మనలో లేకపోవడం ఒక్కటే చూసుకుంటే ఇలాంటి చోట ఆగిపోతాం.

హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగమైన హీమ్ తయారీలోనూ ఇలాగే జరిగింది. ఎర్రకణంలో కూర్చుని హిమోగ్లోబిన్ తింటూ, హీమ్‌తో నిండిపోయి ఉన్న జీవి మళ్లీ సొంతంగా హీమ్ ఎందుకు తయారు చేసుకుంటుందని బెంగళూరులో శాస్త్రవేత్త పద్మనాభన్ ప్రయోగశాల ఏళ్ల తరబడి అన్వేషించింది. చివరికి 2013లో తేలినదేమంటే, రక్త దశలో సొంత తయారీ లేకపోయినా గడుస్తుంది, దోమలోనూ కాలేయంలోనూ మాత్రం గడవదు. అక్కడ తినడానికి హిమోగ్లోబిన్ ఉండదు మరి.

అయితే ఎపికోప్లాస్ట్‌ను మొత్తంగా వదిలేయకూడదు. అదే భాగంలో ఐసోప్రినాయిడ్లు అనే, కణానికి తప్పనిసరైన అణువులు తయారయ్యే దారి ఉంది, అదీ బ్యాక్టీరియా పద్ధతే. 1999లో ఫోస్మిడోమైసిన్ ఈ దారిలోని ఒక ఎంజైమ్‌ను ఆపి పరాన్నజీవిని చంపుతుందని చూపించారు. 2011లో ఎలెన్ యే, జో డెరీసి అనే శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. పరాన్నజీవుల నుంచి ఎపికోప్లాస్ట్‌ను పూర్తిగా పోగొట్టి, ఐసోప్రినాయిడ్ ముడిపదార్థం ఒక్కటే బయటి నుంచి ఇచ్చారు. అవి బతికాయి. అంటే రక్త దశలో ఆ భాగం చేసే తప్పనిసరి పని ఇదొక్కటే. ఇలాంటి ప్రయోగం ఒక్కటి ఉంటే ఏ దారిని వెంబడించాలో, ఏది వదిలేయాలో ఒకేసారి తెలిసిపోతుంది. ఫోస్మిడోమైసిన్ రోగుల్లో జబ్బును త్వరగానే తగ్గించింది, కానీ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, తిరగబెట్టడం ఎక్కువ. ఎంజైమ్ మంచిదే, దాన్ని ఆపే అణువు ఇంకా మెరుగుపడాలి.

ఈ పాఠాలన్నీ చివరికి పెద్ద స్థాయిలో చూడటానికి దారి తీశాయి. ఫాల్సిపారం జన్యుపటం 2002లో వచ్చింది, 14 క్రోమోజోములు, 5,000 పైచిలుకు జన్యువులు. 2018లో ఒక బృందం 38,000 కంటే ఎక్కువ మ్యుటెంట్లను, అంటే జన్యువులు చెడగొట్టిన పరాన్నజీవులను తయారు చేసి, రక్త దశలో పెరగడానికి దాదాపు 2,680 జన్యువులు అవసరమని లెక్క తేల్చింది. ఇప్పుడు ఒక విద్యార్థి ఏదైనా ఎంజైమ్ మీద పని మొదలుపెట్టాలంటే ముందు ఆ జాబితాలో చూసుకోవచ్చు. అయినా అది వెలుతురు పడిన ఒక్క గది మాత్రమే. ప్రయోగశాలలో పెంచేటప్పుడు మనం కలిపే పోషకాలు నిజమైన రక్తంలో ఉన్నంత ఉండకపోవచ్చు, లేదా ఎక్కువే ఉండవచ్చు. జాబితాలో పేరు ఉండటం మొదటి మెట్టే.

వైవాక్స్ గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అది కాలేయంలో హిప్నోజోయిట్లుగా నెలల తరబడి నిద్రపోతుంది. నిద్రలో ఉన్నదానికి డీఎన్ఏ కట్టే పని లేదు, పిరిమిడిన్ల అవసరం లేదు. నేను ఇందాక మెచ్చుకున్న ఎంజైమ్‌లు చాలావరకు అక్కడ పనికిరావు. వాటిని చంపే మందులు ప్రిమాక్విన్, టాఫెనోక్విన్ మాత్రమే. అక్కడ చూడాల్సింది రోగి ఎంజైమ్‌లను. ప్రిమాక్విన్ పనిచేయాలంటే మన కాలేయంలోని సైప్2డీ6 అనే ఎంజైమ్ దాన్ని మార్చాలి. మన ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటే ఇదే మందు కణాలను పగలగొడుతుంది. అందుకే ముందు జీ6పీడీ పరీక్ష చేయాలి. టాఫెనోక్విన్ ఒంట్లో చాలా రోజులు ఉంటుంది కాబట్టి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఆ పరీక్ష లేకుండా దాన్ని ఇవ్వకూడదు.

వెనక వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. అడగమ్మా.

మంచి ప్రశ్న. మైకు లేదు కాబట్టి అందరికీ వినబడేలా చెబుతాను. ఏ ఎంజైమ్‌ను ఎంచుకున్నా అది మారిపోయి తప్పించుకుంటుంది కదా, అయితే ఎంచుకోవడంలో అర్థమేముంది అంటోంది.

దీనికి రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి, జతగా ఇవ్వడం. అటోవాక్వోన్‌ను ప్రొగ్వానిల్ అనే మరో మలేరియా మందుతో కలిపి ఎన్నో ఏళ్లుగా మాత్రగా వాడుతున్నారు. ఇందాక చెప్పిన యీస్ట్ జన్యువు ప్రయోగంలో కూడా అటోవాక్వోన్‌కు లొంగని పరాన్నజీవులు ప్రొగ్వానిల్ కలిపేసరికి మళ్లీ లొంగాయి.

రెండోది నాకు ఇంకా ఎక్కువ ఆశ ఇస్తుంది. పైరిమెథమిన్ విఫలమైంది ఎందుకంటే దాని అణువులో కొంత భాగం, ఎంజైమ్ సహజంగా పట్టుకునే ఫోలేట్ కూర్చునే హద్దు దాటి బయటికి పొడుచుకు వస్తుంది. 108లో ఆస్పరజీన్ వచ్చి అడ్డుపడింది సరిగ్గా ఆ భాగానికే. ఫోలేట్‌కు అడ్డు రాలేదు కాబట్టి ఎంజైమ్ తన పని చేసుకుంటూ పోయింది. థాయ్‌లాండ్‌లో యోంగ్యుత్ యుతవోంగ్ బృందం ఈ ఎంజైమ్ నిర్మాణాన్ని 2003లో బయటపెట్టింది. దాన్ని చూసుకుంటూ పీ218 అనే అణువును గీశారు. అది పూర్తిగా ఫోలేట్ కూర్చునే చోటు లోపలే ఇమిడిపోతుంది. దాన్ని తప్పించుకునేలా ఎంజైమ్ మారితే తన ఫోలేట్‌ను కూడా పట్టుకోవడం కష్టమవుతుంది. నాలుగు మ్యుటేషన్లు ఉన్న ఎంజైమ్‌ను కూడా అది గట్టిగా పట్టుకుంది. మనుషుల్లో తొలి పరీక్షలు జరిగాయి. ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోవడం దాని ఇబ్బంది. వారానికో నెలకో ఒకసారి ఇస్తే చాలేలా దాన్ని మార్చగలమా అన్నది రసాయన శాస్త్రవేత్తల చేతిలో ఉన్న పని. నువ్వు కెమిస్ట్రీ చదువుతున్నావా అమ్మా? అయితే ఇది నీ పనే.